మొదటి ఇల్లు కొనే ముందు డబ్బు సర్దుబాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్లు చూడటం మొదలుపెట్టడానికి ఏడాది, రెండేళ్ల ముందే తేల్చుకోవాల్సిన డబ్బు సంగతులపై ఎక్కువమంది అడిగే ప్రశ్నలివి. పన్నులు, రిజిస్ట్రేషన్ ఖర్చులు, లోన్ నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. అందుకే ఇక్కడ ఇంటి ధరను 100 అనుకుని, అప్పును లక్ష అనుకుని లెక్కలు వేశాం. మీ అంకెలతో హెచ్చవేసుకుంటే సరిపోతుంది.

డౌన్ పేమెంట్ పోగైంది. ఇక ఇళ్లు చూడొచ్చా?

అదొక్కటే పోగైతే ఇంకా తొందరే. ధర 100 అనుకుంటే డౌన్ పేమెంట్ సాధారణంగా 20. రిజిస్ట్రేషన్, పన్నులు, లాయరు ఫీజు, వాల్యుయేషన్ (బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టడం), లోన్ ప్రాసెసింగ్ కలిపి చోటును బట్టి 3 నుంచి 10 దాకా అవుతాయి. వీటికి చాలాచోట్ల లోన్ రాదు, సొంత డబ్బే పెట్టాలి. సామాను తరలింపు, లైట్లు, ఫ్యాన్లు, కారే కుళాయిలు, తలుపుల తాళాలు వంటి వాటికి ఇంకో 2 నుంచి 3. అంటే ఇంట్లో అడుగుపెట్టేసరికి చేతి నుంచి 25 నుంచి 33 దాకా పోతుంది. ఇవన్నీ పోయాక అత్యవసర నిధి విడిగా మిగలాలి.

చాలామంది ఆ 20 మీదే గురిపెట్టి, మిగతాదంతా అత్యవసర నిధిలోంచి తీసేస్తారు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు ఖాతాలో ఎంత ఉంటుందో ఇప్పుడే కాగితం మీద రాసి చూసుకోండి. అది ఆరు నెలల ఖర్చు కంటే తక్కువైతే ఇంకొన్నాళ్లు ఆగాలి, లేదా చూసే ఇళ్ల ధర తగ్గించుకోవాలి.

ఆరు నెలల ఖర్చంటే ఇప్పటి ఖర్చా, ఇల్లు కొన్నాక అయ్యే ఖర్చా?

కొన్నాక అయ్యేదే. ఇప్పుడు కడుతున్న అద్దె తీసేసి, రాబోయే ఈఎంఐ, ఆస్తి పన్ను, నిర్వహణ ఛార్జీలు, బీమా కలిపి మళ్లీ లెక్కేయండి. ఇంట్లో ఒక్కరే సంపాదిస్తున్నా, ఆదాయం నెలనెలా ఒకేలా రాకపోయినా తొమ్మిది నుంచి పన్నెండు నెలలకు సరిపడా ఉంచుకోవడం మేలు.

రెండు మూడు రోజుల్లో చేతికి రాని డబ్బును ఈ నిధిలో కలపకండి. క్రెడిట్ కార్డు లిమిట్, పదవీ విరమణ ఖాతా, ఎవరికో ఇచ్చిన చేబదులు ఇవేవీ లెక్కలోకి రావు. ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగిలింది మూడు నాలుగు చిన్న డిపాజిట్లుగా వేయండి. ఒకే పెద్ద డిపాజిట్ అయితే కొంచెం అవసరానికి కూడా మొత్తం రద్దు చేసి, అంతటి మీదా వడ్డీ కోత పడే వీలుంది.

బ్యాంకు ఎంత ఇస్తానంటే అంతా తీసుకోవచ్చా?

వద్దు. మీరు తిరిగి కట్టగలరా లేదా అన్నదే బ్యాంకు చూసే లెక్క. కట్టాక మీ ఇల్లు ఎలా గడుస్తుందన్నది దాని పని కాదు. రుణదాతలు వాడే పాత కొలత ఒకటుంది: కోతలకు ముందు జీతంలో ఇంటి ఖర్చు 28 శాతం, అన్ని అప్పుల వాయిదాలు కలిపి 36 శాతం దాటకూడదని. కొందరు 50 శాతం దాకా కూడా ఒప్పుకుంటారు. పిల్లల ఫీజులు, పెద్దవాళ్ల మందులు, మీరు ప్రతి నెలా ఇంటికి పంపే డబ్బు ఈ కొలతలో ఎక్కడా కనిపించవు.

మా సలహా ఇది: లెక్కకు పునాదిగా చేతికొచ్చే జీతాన్నే తీసుకోండి. ఇంటి ఈఎంఐ అందులో 30 శాతం లోపు, అన్ని ఈఎంఐలు కలిపి 40 శాతం లోపు ఉంచండి. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని, ఏడాదికోసారి వచ్చే ఖర్చులన్నీ, అంటే బీమా ప్రీమియంలు, స్కూలు ఫీజు, ఊరి ప్రయాణాలు, పన్నెండుతో భాగించి నెల ఖర్చుకు కలపండి. నెలకు ఇంత మిగులుతుంది అనుకున్న అంకె ఇక్కడే సగానికి సగం తగ్గడం మామూలే.

ఆ ఈఎంఐ భరించగలమో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

ఇల్లు కొనకముందే కట్టి చూడండి. దీన్ని మించిన పరీక్ష లేదు.

మీ అద్దె 20 అనుకుందాం. రాబోయే ఈఎంఐ 35. ఇంటి నిర్వహణ, పన్ను, బీమా కలిపి 5. అంటే కొన్నాక నెలకు 40 పోతుంది, ఇప్పటి కంటే 20 ఎక్కువ. జీతం పడిన మర్నాడే ఆ 20 వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా పెట్టండి. ఆ ఖాతాకు కార్డు తీసుకోవద్దు, ఫోన్ చెల్లింపు యాప్‌కు జోడించొద్దు. ఆరు నెలలు చూడండి. మధ్యలో రెండుసార్లు వెనక్కి తీయాల్సి వచ్చిందంటే ఆ ఇల్లు మీ బడ్జెట్‌లోది కాదు. తీయకుండా నిలబడితే డౌన్ పేమెంట్‌కు ఆరు నెలల సొమ్ము అదనంగా చేరినట్టే.

నిర్వహణకు ఎంత అనుకోవాలో తెలియకపోతే ఏడాదికి ఇంటి ధరలో 1 శాతంతో మొదలుపెట్టండి. కొత్త ఫ్లాట్‌కు మొదట్లో ఇంత కాదు. పాత ఇండిపెండెంట్ ఇంటికి ఇంతకు మించుతుంది. పైకప్పు, ప్లంబింగ్, వైరింగ్ ఈ మూడూ చెప్పి రావు, వస్తే చిన్న మొత్తంతో పోవు.

ఉన్న అప్పులు ముందు తీర్చాలా, డౌన్ పేమెంట్ పోగేయాలా?

క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటారు. చక్రవడ్డీతో అది 42.6 శాతం దాకా పోతుంది. అంత రాబడినిచ్చే పొదుపు ఎక్కడా లేదు. ఆ తర్వాత పర్సనల్ లోన్, ఆపై వాహన లోన్.

పాత అప్పుల వాయిదాలు ఇంటి లోన్ అర్హతను ఎంతగా తినేస్తాయో చూడండి. 9 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు లక్ష అప్పు తీసుకుంటే ఈఎంఐ సుమారు 900. అంటే మీరిప్పటికే నెలకు 1,000 వేరే ఈఎంఐ కడుతుంటే ఇంటి లోన్ అర్హతలో దాదాపు లక్షా 11 వేలు కోసేసినట్టే. వాహన లోన్‌లో ఏడెనిమిది వాయిదాలే మిగిలి ఉంటే వాటిని ఒకేసారి కట్టేసి దరఖాస్తు చేసుకోవడంలో అర్థముంది. మూడేళ్లు మిగిలి ఉంటే, వడ్డీ కూడా తక్కువైతే, అలాగే సాగనివ్వండి.

ఏ అప్పు తీర్చినా అత్యవసర నిధిని ఖాళీ చేసి తీర్చొద్దు. నెల తిరక్కుండానే మళ్లీ కార్డు గీకాల్సి వస్తుంది.

డౌన్ పేమెంట్ కోసం పర్సనల్ లోన్ తీసుకుంటే?

బ్యాంకు డౌన్ పేమెంట్ అడిగేది ఇంట్లో మీ సొంత డబ్బు కూడా ఉండాలనే. దాన్నీ అప్పుతో నింపితే ఇంటి ధర మొత్తం మీద వడ్డీ కడతారు, అందులో కొంత భాగానికి ఎక్కువ రేటు. పైగా ఆ ఈఎంఐ కూడా పైన చెప్పినట్టు అర్హతను కోస్తుంది. చాలా సంస్థలు ఈ డబ్బు ఎక్కడిదని అడుగుతాయి. దాచి చెప్పడం దరఖాస్తులో అబద్ధం రాయడమే అవుతుంది.

క్రెడిట్ స్కోరును ఎప్పుడు చూసుకోవాలి?

దరఖాస్తుకు కనీసం ఆరు నెలల ముందు, వీలైతే ఏడాది ముందు. కారణం స్కోరు కాదు, మీరు అప్పులు ఎలా కట్టారో చూపే క్రెడిట్ రిపోర్టులోని తప్పులు. తీరిపోయిన లోన్ ఇంకా నడుస్తున్నట్టు ఉండటం, పేరు కలిసినవాళ్ల అప్పు మీ ఖాతాలో చేరడం, ఎప్పుడో వాడటం మానేసిన కార్డు మీద వార్షిక రుసుము బాకీగా పడి పెరుగుతూ ఉండటం తరచూ కనిపించేవి. వీటిని సరిచేయించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ప్రతి పాత లోన్‌కు బాకీ లేదన్న పత్రం సంపాదించి ఒకచోట పెట్టుకోండి.

స్కోరును పెంచేవి రెండే పెద్ద పనులు: ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టడం, కార్డు లిమిట్‌లో 30 శాతం లోపే వాడటం. రెండోదానిలో ఒక కిటుకుంది. కార్డు సంస్థ చాలావరకు స్టేట్‌మెంట్ తేదీన ఉన్న బాకీనే నమోదు చేస్తుంది. గడువు తేదీన మొత్తం కట్టేసే అలవాటున్నా, స్టేట్‌మెంట్ నాటికి లిమిట్‌లో 80 శాతం వాడి ఉంటే రిపోర్టులో 80 శాతమే పడుతుంది. దరఖాస్తుకు ముందు రెండు మూడు నెలలైనా స్టేట్‌మెంట్ రావడానికి ముందే కట్టండి. పాత కార్డును మూసేయడం మంచిదనుకుంటారు కానీ, దాంతో మొత్తం లిమిట్ తగ్గి వాడకం శాతం పెరుగుతుంది.

ఇప్పటిదాకా ఏ అప్పూ చేయనివాళ్లకు స్కోరే ఉండదు. వాళ్లు చిన్న లిమిట్ ఉన్న కార్డు తీసుకుని, నెలకో చిన్న బిల్లు దాని మీద పెట్టి మొత్తం కడుతూ వస్తే ఏడాదికల్లా చూపించడానికి చరిత్ర ఉంటుంది.

స్నేహితుడి లోన్‌కు జామీను ఉన్నాను. దాంతో నాకేమైనా ఇబ్బందా?

ఉంటుంది. అతను కట్టకపోతే కట్టాల్సింది మీరే కాబట్టి కొన్ని సంస్థలు ఆ వాయిదాను మీ అప్పుగానే లెక్కిస్తాయి. అతను ఆలస్యం చేస్తే మీ రిపోర్టులోనూ మచ్చ పడొచ్చు. జామీను నుంచి బయటపడటానికి రుణదాత ఒప్పుకోవాలి, బదులు మనిషిని చూపాలి. మాట్లాడటం ఇప్పుడే మొదలుపెట్టండి.

డౌన్ పేమెంట్ డబ్బు ఎక్కడ దాచాలి?

మూడేళ్లలోపు కావాల్సిన డబ్బు షేర్లలో గానీ, షేర్ల ఫండ్లలో గానీ ఉండకూడదు. 30 శాతం పడితే మళ్లీ మొదటికి రావడానికి 43 శాతం పెరగాలి. ఇల్లు దొరికిన వారమే మార్కెట్ కోలుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఐదేళ్ల పైన గడువుంటే కొంత భాగం పెట్టొచ్చు. గడువు దగ్గరపడే కొద్దీ, చివరి రెండేళ్లలో, విడతలుగా డిపాజిట్లలోకి మార్చేయాలి. డిపాజిట్ గడువు తీరే తేదీ మీరు డబ్బు కట్టాల్సిన తేదీకి ముందే ఉండేలా చూసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, సరిగ్గా రిజిస్ట్రేషన్ ముందు వారంలో గుర్తొస్తుంది.

నేను దాచేలోపు ధరలు పెరిగిపోతున్నాయి. మరి ఎలా?

లక్ష్యాన్ని ఇవాళ్టి ధర మీద పెట్టుకోవడం వల్లే ఇలా అనిపిస్తుంది. ఇవాళ్టి ధర 100 మీద చేతినుంచి 30 కావాలనుకుందాం. ఏడాదికి 6 శాతం చొప్పున ధర పెరిగితే నాలుగేళ్లకు అదే 30 కాస్తా దాదాపు 38 అవుతుంది. మీ డిపాజిట్‌కూ 6 శాతం వస్తుంటే నెలకు 0.70 చొప్పున 48 నెలలు వేయాలి, అంటే ఇవాళ్టి ధరలో 0.7 శాతం. ధర పెరుగుదలనూ వడ్డీనీ పక్కనపెట్టి 30ని 48తో భాగిస్తే 0.625 వస్తుంది. తేడా పన్నెండు శాతమే అయినా ఆ తేడాతోనే నాలుగో ఏడు చివర్లో ఇల్లు అందకుండా పోతుంది.

0.7 శాతం మీ వల్ల కాదనుకుంటే మార్గాలు మూడు: గడువు పెంచడం, చిన్న ఇల్లు లేదా కాస్త దూరపు ఇల్లు చూడటం, జీతం పెరిగిన ప్రతిసారీ ఆ పెరుగుదలలో సగం ఇటు మళ్లించడం. మూడోది అన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే అంతకుముందు ఆ డబ్బుకు అలవాటుపడి ఉండరు.

లోన్ 15 ఏళ్లకా, 20కా, 30కా?

లక్ష అప్పు, 9 శాతం వడ్డీ అనుకుంటే 15 ఏళ్లకు ఈఎంఐ 1,014. మొత్తం వడ్డీ 83 వేల దగ్గర. 20 ఏళ్లకు 900, వడ్డీ లక్షా 16 వేలు. 30 ఏళ్లకు 805, వడ్డీ లక్షా 90 వేలు. 20 నుంచి 30కి పెంచితే నెలకు మిగిలేది 95, మొత్తం మీద పోయేది 74 వేలు.

20 ఏళ్ల లోన్‌లో మొదటి నెల కట్టిన 900లో 750 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 150. అందుకే ముందస్తు చెల్లింపు మొదటి ఏళ్లలో చేస్తేనే బలం. ఏటా ఒక్క ఈఎంఐ అదనంగా అసలుకు కడితే 20 ఏళ్ల లోన్ సుమారు మూడున్నరేళ్లు ముందే తీరుతుంది. సంతకం పెట్టే ముందు ముందస్తు చెల్లింపుకు రుసుము ఉందో లేదో, కట్టింది అసలులోకే జమవుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి. రుసుము లేకపోతే 20 ఏళ్లకు తీసుకుని వీలైనప్పుడల్లా ఎక్కువ కట్టడం మాకు నచ్చిన పద్ధతి. 15 ఏళ్ల ఈఎంఐకి కట్టుబడితే కష్టకాలంలో తగ్గించుకునే వీలుండదు.

వడ్డీ రేటు పెరిగితే?

ఫ్లోటింగ్ రేటు (మధ్యలో వడ్డీ రేటు మారే) లోన్‌లో ఎక్కువమందికి తెలియకుండా జరిగేది ఇదే: రేటు పెరిగినా చాలాసార్లు ఈఎంఐ మారదు, కాలపరిమితి పెరుగుతుంది. 20 ఏళ్లకు 9 శాతంతో మొదలైన లక్ష లోన్, తొలినాళ్లలోనే 10 శాతమైతే అదే 900 ఈఎంఐతో 314 నెలలు పడుతుంది. ఒక్క శాతానికి ఆరేళ్లు పైన. రేటు 11కు చేరితే నెల వడ్డీయే 917. కట్టేది 900. అంటే ఈఎంఐ పెంచకపోతే ప్రతి నెలా కడుతున్నా అప్పు పెరుగుతూనే ఉంటుంది.

కాబట్టి రేటు 2 శాతం పెరిగితే ఈఎంఐ ఎంతవుతుందో ఇప్పుడే చూసుకోండి. పై ఉదాహరణలో 11 శాతానికి 1,032. ముందు చెప్పిన ఆరు నెలల పరీక్షను ఈ అంకెతో చేయడం ఇంకా మంచిది. రేటు పెరిగినట్టు సమాచారం వచ్చిన ప్రతిసారీ మిగిలిన నెలలెన్నో అడిగి, స్తోమత ఉంటే ఈఎంఐనే పెంచమని చెప్పండి.

లోన్ ముందే మంజూరైంది. ఇక భయం లేదు కదా?

అది మీ ఆదాయాన్ని చూసి ఇచ్చిన మాట. ఇంటిని ఇంకా చూడలేదు. ఇల్లు తేలాక వాల్యుయేషన్ చేస్తారు, ధర, వాల్యుయేషన్ ఈ రెండింటిలో తక్కువదాని మీద లోన్ ఇస్తారు. ధర 100, వాల్యుయేషన్ 90 వచ్చిందనుకోండి. 80 శాతం లోన్ అంటే 72. మీరు 20 సిద్ధం చేసుకుంటే ఇప్పుడు 28 కావాలి. ఆ 8 వారంలో ఎక్కడి నుంచి తేవాలో తెలియక అడ్వాన్స్ వదులుకునేవాళ్లున్నారు. వాల్యుయేషన్ తక్కువ రావడం అమ్మేవాళ్లతో ధర తగ్గించమని అడగడానికి మంచి ఆధారం కూడా, వదలకండి.

అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు 'ఫలానా మొత్తం లోన్ ఫలానా తేదీలోపు మంజూరు కాకపోతే, లేదా ఆస్తి పత్రాల్లో లోపం తేలితే అడ్వాన్స్ మొత్తం వాపసు' అన్న వాక్యం ఒప్పందంలో ఉండాలి. నోటిమాట చెల్లదు.

ఇద్దరం కలిసి లోన్ తీసుకుంటే అర్హత పెరుగుతుందన్నారు. నిజమేనా?

నిజమే. కానీ ఇద్దరి జీతాలూ పూర్తిగా కలిపి, పై అంచుదాకా లోన్ తీసుకుంటే ఒకరు ఆరు నెలలు ఇంట్లో ఉండాల్సి వచ్చినప్పుడు ఇరుకున పడతారు. ఒక జీతంతో ఈఎంఐ, మామూలు ఖర్చులు ఏదోలా నడిచేలా చూసుకోండి. ఇంకో మాట: లోన్‌లో సంతకం పెట్టినంత మాత్రాన ఇంట్లో వాటా రాదు. అప్పులో పేరు ఉండి, పత్రాల్లో పేరు లేకపోతే బాధ్యత మాత్రమే మిగులుతుంది.

సొంత వ్యాపారం, ఫ్రీలాన్స్ పని చేసేవాళ్లు ఏం సిద్ధం చేసుకోవాలి?

రెండు మూడేళ్ల పన్ను రిటర్నులు అడుగుతారు. పన్ను తగ్గుతుందని ఆదాయం తక్కువ చూపినవాళ్లకు ఇక్కడ దెబ్బ తగులుతుంది, రుణదాత చూసేది కాగితం మీది ఆదాయమే. ఇల్లు కొనాలనుకున్న ఏడాదికి రెండు మూడేళ్ల ముందు నుంచే లెక్కలు పక్కాగా నడపాలి. వ్యాపార ఖాతా, ఇంటి ఖాతా వేరు చేయండి. అర్హతను మంచి నెల చూసి కాకుండా, గత రెండేళ్లలో తక్కువ వచ్చిన ఆరు నెలల సగటు మీద వేసుకోండి.

లోన్‌తోపాటు ఇచ్చే బీమా తీసుకోవాలా?

బీమా కావాలి, అది ఇదే కానక్కర్లేదు. ప్రీమియంను లోన్‌లో కలిపేస్తే దాని మీదా 20 ఏళ్లు వడ్డీ కడతారు. లోన్ మొత్తానికి సరిపడా విడిగా టర్మ్ పాలసీ (గడువులోపు మీరు చనిపోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) ఎంతవుతుందో కనుక్కుని పోల్చండి. వయసు తక్కువగా, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, అంటే ఇల్లు చూడకముందే తీసుకుంటే చవక. కుటుంబానికి ఆరోగ్య బీమా లేకుండా ఇంటి లోన్ జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడే కొనకపోవడమే నయం అన్న సందర్భాలున్నాయా?

ఐదేళ్లలోపు ఊరు మారే అవకాశముంటే అంతే. కొనేటప్పుడు 7, అమ్మేటప్పుడు 3 పోతే ధర 10 పెరిగినా మీకు మిగిలేది సున్నా.

ఐదేళ్లు దాటినా ఒక్కసారి లెక్క చూడండి. ధర 100, లోన్ 80, వడ్డీ 9 శాతం అయితే మొదటి ఏడాది వడ్డీ 7.2. నిర్వహణ 1. డౌన్ పేమెంట్ 20 డిపాజిట్‌లో ఉంటే వచ్చే 1.2 పోయింది. మొత్తం 9.4. అలాంటి ఇంటికే ఏడాది అద్దె 3.5 అయితే, ధర ఏటా 6 శాతం పెరిగితే గానీ డబ్బు పరంగా సమానం కాదు. సొంతిల్లన్న నిశ్చింతకు ఆ తేడా కట్టడం తప్పేమీ కాదు. ఎంత కడుతున్నారో తెలిసి కట్టాలి.

దరఖాస్తుకు ముందు మూడు నెలల్లో ఏం చేయకూడదు?

ఉద్యోగం మారొద్దు, తప్పకపోతే లోన్ డబ్బు విడుదలయ్యాక మారండి. కొత్త ఫోన్ వాయిదాల్లో కొనొద్దు. ఒకే వారంలో అందినచోటల్లా దరఖాస్తు పెట్టొద్దు, రేట్లు విచారించి, పోల్చి, రెండు చోట్లకు కుదించుకోండి. ఖాతాలో పెద్ద మొత్తం జమైతే ఎక్కడిదో చూపే కాగితం ఉండాలి. అమ్మానాన్నలు ఇస్తుంటే అది అప్పు కాదు, ఇచ్చినదే అని సంతకంతో ఒక లేఖ, వాళ్ల ఖాతా నుంచి నేరుగా బదిలీ. ఒక్క చెక్కు తిరిగొచ్చినా, ఒక్క ఆటో డెబిట్ విఫలమైనా స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. అందుకే వాయిదాలు కోసుకునే ఖాతాలో ఆ మూడు నెలలూ రెండు వాయిదాల సొమ్ము ఎప్పుడూ ఉండనివ్వండి.